బెండు కట్టిన మూటలు

సలాలా, ఒమాన్,
నవంబర్ 2008

చెల్లెమ్మా నూకరత్నం,

నువ్వు నన్నెరగవు. నేనిక్కడ ఆసుపత్రిలో నర్సుని, మాది తుని. మీ ఆయన ధనరాజు నా వార్డులోనే ఉన్నాడు. తలకు దెబ్బ తగిలింది, కోలుకుంటున్నాడు. గుమ్మం దగ్గర పోలీసు కాపలా ఉంది, కంగారుపడకు.

ఎండుచేపల మూటలని చెప్పి వాళ్ల బోటులో మత్తుమందు ఎక్కించారట. కోస్ట్ గార్డు హెలికాప్టర్ తరుముతుంటే, మూటలన్నీ సముద్రంలో పారేయమన్నాడు బోటు నడిపే సరంగు. మీ ఆయన ప్రతి మూటకీ బెండు కట్టి మరీ వేశాడు. "మునిగిపోతే మళ్లీ ఎలా దొరుకుతాయి మేడంగారూ?" అంటాడు నాతో. మూటలన్నీ తేలి, హెలికాప్టర్ కెమెరాకి చిక్కాయి. ఆ కోపంతోనే సరంగు ఇనుపరాడ్డు తీసుకున్నాడు.

లోపలున్నది మత్తుమందని తెలిసినవాడైతే ముంచేసేవాడే కదా అని కేసు చూస్తున్న పోలీసు ఆఫీసరుకి చెప్పాను. రుజువు తెమ్మన్నాడు. నీళ్లలో ఏది వేసినా బెండు కట్టడం మీవాళ్ల అలవాటని మీ రేవు పెద్దల చేత రాయించి, జాలర్ల సంఘం ముద్ర వేయించి వెంటనే పంపు.

మీ కోసం ప్రార్థన చేస్తున్న
అక్క

తా.క. కింద వేలిముద్ర మీ ఆయనదే. సంతకం వచ్చనే చెప్పాడు. కుడిచెయ్యి ఇంకా కలం పట్టడం లేదమ్మా.