అమ్మ చుట్టిన టేపు

ఆదివారం, రాత్రి

అమ్మతో అబద్ధమాడాను. ఫర్‌సూట్ అంటే ఒళ్ళంతా కప్పే బొచ్చు వేషమని ఆమెకు చెప్పలేకపోయాను. నాకోసం నీలం నక్క ఫర్‌సూట్ కుడుతున్న బెంగళూరు అమ్మాయికి మామూలు కొలతలు చాలవట. ఒంటికి ప్లాస్టిక్ కవరు, దాని మీద టేపు చుట్టించుకుని, ఆ తొడుగును వెనక నుంచి కత్తిరించి పంపాలట. అది ఒక్కడివల్ల అయ్యే పని కాదు. ఆటోనగర్ నుంచి టేపు తెచ్చి, అమ్మను పిలిచాను.

"ఏటిరా ఇది?"

"సండేస్కూల్ పిల్లల నాటకానికమ్మా. దానియేలు కథలో సింహం నానే."

అమ్మ ముఖం వెలిగిపోయింది. చంకల దగ్గర కూడా ముడత పడకుండా చుట్టింది. కోసేటప్పుడు కత్తెర నాకు తగలకుండా తన వేళ్ళు అడ్డం పెట్టింది.

నక్క అంటే నవ్వేదేమో. నవ్వితే ఏం పోయేది? ముప్పై ఏళ్ళొచ్చాయి, నాకిది ఇష్టమమ్మా అని ఒక్క మాట...

తొడుగు కుర్చీలో అచ్చం నాలాగే కూర్చుని ఉంది. చూడలేక దుప్పటి కప్పాను.

ఇందాక అమ్మ పాస్టరమ్మగారికి ఫోన్ చేసింది. "మావోడు సింహం ఏసం ఏత్తన్నాడండి. ముందు వరసలో నాకు సోటుంచండి."