సింహం తల విరిగిన కుర్చీ

లడ్లో,
14 అక్టోబరు 1958

ప్రియమైన విల్ఫ్రెడ్‌కు,

ఇక్కడ నేనూ మా ఆవిడ డోరతీ క్షేమం. నువ్వూ పిల్లలూ బాగున్నారని మీ చెల్లెలు చెబితే సంతోషించాను. ఇరవై రెండేళ్ల తర్వాత నా చేతిరాత చూసి ఈ ఉత్తరాన్ని పొయ్యిలో పడేయాలనిపిస్తుందేమో. చదివాక పడెయ్యి.

మన ముసలి యజమాని హక్‌స్టబుల్ పోయాడు. ఆ వడ్రంగి కొట్టు ఇప్పుడు నాది. పోయిన మంగళవారం మిస్ పెనిస్టన్ ఆ రెండు మహాగని కుర్చీలనూ మళ్లీ తెచ్చింది. చేతుల చివర సింహం తలలున్నవే. మ్యూజియానికి ఇచ్చేస్తుందట, ముందు కీళ్లు బిగించాలట. విరిగిన తల స్థానంలో అప్పట్లో నేను చెక్కి పెట్టినదాన్ని వేలితో తట్టి, “మిగతా మూడూ రెండొందల ఏళ్లుగా దర్జాగా ఉన్నాయి. దీనికేమో పన్ను నొప్పి వచ్చినట్టుంది” అంది.

పాతది విరగ్గొట్టినవాడు ఇంకా ఉలి పడుతున్నాడా అని అడిగింది. వేల్స్ సరిహద్దులో పొలాలకు గేట్లు చేస్తున్నాడని చెప్పాను. “వాడికి తగ్గ పనే” అంది. నేను తలూపాను విల్ఫ్రెడ్. అవునన్నట్టే ఊపాను.

అప్పట్లో ఆ రోజు పొద్దున నువ్వు కుర్చీని పనిబల్ల మీదికి ఎత్తగానే సింహం తల ఊడి, నేల మీద పడి, రెండు చెక్కలైంది. ముట్టుకున్నానంతే అయ్యగారూ అన్నావు. “ముట్టుకుంటేనే ఇంత చేసే చేతులు గొర్రెల బొచ్చు కత్తిరించడానికే పనికొస్తాయి, పో” అన్నాడు హక్‌స్టబుల్. నువ్వు నావైపు చూశావు. నేను గిన్నెలో జిగురు కలుపుతూ తల దించుకున్నాను. మనలో నీ అంత పనివాడు లేడని తెలిసీ ఒక్క మాట అనలేదు. అందుకు సిగ్గుపడుతున్నాను. క్షమించు.

నీ పాత తోటి పనివాడు,
జాబెజ్ లాథ్‌బరీ

తా.క.: నిన్న సంతకం పెట్టి కవరు అంటించాను. ఇవాళ చింపాను. పైన రాసింది సగమే. నీ చేతిలో అది ఊడిన ముందురోజు సాయంత్రం మీరంతా వెళ్లాక, దొరలా కూర్చుంటే ఎలా ఉంటుందో చూద్దామని ఆ కుర్చీలో కూర్చుని వెనక్కి ఊగాను. కుర్చీతో సహా పడ్డాను. సింహం తల విరిగింది. జిగురుతో అతికించి, పైన రంగు పూసి, ఇంటికెళ్లి కడుపునిండా తిన్నాను. పొద్దున దాన్ని ఎత్తేది నువ్వేనని నాకు తెలుసు.

ఇవాళ పొద్దున్నే మిస్ పెనిస్టన్‌కు చెప్పేశాను. తన కుర్చీల మీద ఇక నా చెయ్యి పడకూడదంది. తర్వాత నీ అడ్రసు అడిగింది. గురువారం రెండూ నీ దగ్గరికి వస్తున్నాయి. నేను చెక్కిన తల పీకి పారెయ్యి.