వాత కింది నొప్పి

మోత్కూర్

తమ్ముడు మల్లేశ్‌కు,

సెలవులో వచ్చినప్పుడు నీ భుజం నొప్పికి బాపు వాత పెట్టిన సంగతి అవ్వ నోరు జారితే తెలిసింది. గొర్రె కుంటితే కొడవలి కాల్చి పెట్టే వాత మనిషికి పెడతావా అని బాపు మీద మండిపడ్డాను. "నొప్పి పోయిందన్నడు గద బిడ్డా, నీకేం ఫికర్?" అన్నాడు. నా ఫికర్ అదే. నొప్పి పోలేదు, వాత కింద దాక్కుంది.

లోతు నీళ్లలో పనిచేసేవాళ్లు పీల్చడానికి హీలియం కలిపిన గాలిని మీ కంపెనీ ఇనుప గదిలో మీ మీద పరీక్షిస్తోంది. ఒత్తిడి తొందరగా తగ్గితే ఒంట్లో బుడగలు పుట్టి కీళ్లు పట్టేస్తాయని, ఎంత నెమ్మదిగా తగ్గించాలో తేల్చడానికే ఆ పరీక్ష అని నాకు చెప్పింది నువ్వే. మరి ఆ గదిలోంచి వచ్చిన నాడే మొదలైన నొప్పిని, డాక్టర్ భుజం నొక్కితే "వాత మంట సార్" అని తప్పించుకున్నానని అవ్వతో ఫోన్‌లో అన్నావట, అట్లా ఎట్లా అన్నావు? రేపు నీ మాట నమ్మి నిజంగా నీళ్లలో దిగిన మనిషికి కాళ్లు పడిపోతే ఎవరు లేపుతారు?

చెబితే పని పోతుందనే భయం నీలో పెట్టింది కంపెనీవాళ్లే. వాళ్లు పరీక్షించేది గాలినా, మీ ఆకలినా? వాళ్లతో పోట్లాట నేను పెట్టుకుంటాను. నువ్వు ముందు నోరు తెరువు.

నీ అక్క
పుష్ప

ముంబై

అక్కా,

నీ ఉత్తరం చదివి ఒళ్లు మండింది. మోత్కూర్‌లో కూర్చుని ధైర్యం చెప్పడం తేలికే అనుకున్నాను. అయినా పోయి డాక్టర్‌కు ఉన్నది చెప్పాను. నాతోపాటు గదిలో కూర్చునే షాద్‌నగర్ విజేందర్ వెనక నిలబడి ఉన్నాడు, "నాకు గూడ మోకాలు గుంజుతాంది సార్, చెప్పలే" అన్నాడు. మా జట్టులోనే ఉన్న గ్రేస్ వంగని మోచేయి ముందుకు చాపింది.

"దొంగలమంతా ఒక్క కాడనే ఉన్నం పో" అన్నాడు విజేందర్.

పరీక్ష ఆపారు. ముగ్గురికీ వైద్యం చేశారు. భుజం నయమైనా నన్నిక ఆ పనికి దింపరట. చూశావా, నా భయం ఉత్తది కాదు. నీ పోట్లాట ఇప్పుడు మొదలుపెట్టు.

ఒత్తిడి ఇంకా నెమ్మదిగా తగ్గించేటట్టు మార్చి, ఇవాళ కొత్తవాళ్లను గదిలోకి పంపారు. కిటికీ అద్దం దగ్గర నిలబడి చూశాను. ఒత్తిడి తగ్గిస్తుండగా స్నిగ్ధ అనే అమ్మాయి, హీలియానికి పిచ్చుకలా మారిన గొంతుతో, "సార్, మోకాలు పట్టేస్తాంది" అంది. గదిలో ఎవరికి అట్లాంటి గొంతు వచ్చినా రోజూ పడీపడీ నవ్వేవాళ్లం. ఇవాళ ఎవరూ నవ్వలేదు. బుడగలు అణగాలని వెంటనే ఒత్తిడి మళ్లీ పెంచారు.

నీ తమ్ముడు
మల్లేశ్