ఆది అంటే ఆదివారం కాదు

ఏమయ్యా, లైనింగు గుడ్డ కోసం నరసరావుపేట పోతున్నా, మూడింటి బస్సుకి వస్తా. అన్నం హాట్‌బాక్సులో ఉంది. తిని కుట్టుగదిలోకి వెళ్లు.

నిన్న నేను మాచర్ల పోయొచ్చేలోపు గదంతా సర్దావు, సంతోషం. సర్దింది నువ్వు, సర్దుకోవాల్సింది నేను. గుడ్డలన్నీ రంగులవారీగా పేర్చడం చానా బాగుంది. కానీ సంచుల మీద ‘ఆది’ అని రాసుంటే, ఆదివారం ఇవ్వాల్సినవనుకుని లోపలి జాకెట్లన్నీ తీసి ఒకే అరలో కుక్కావేంది? ఆది అంటే కొలత కోసం ఇచ్చిన పాత జాకెట్టు. ఇరవై ఏళ్లుగా టైలరు మొగుడివి! బట్టతల అంటే పైన మాత్రమే అనుకున్నా, లోపల కూడా బట్టలే ఉన్నాయన్నమాట. మాట కుట్టిందా? కుట్టడమే నా పని.

ఒక్కో జాకెట్టూ మడత పెట్టి మంచం మీద ఉంచు, మడతపేచీ మాత్రం పెట్టకు. ఏది ఎవరిదో నేనొచ్చి గుర్తుపడతా.

పాతబడ్డవి రెండు బండి తుడవడానికి తీసుకున్నానన్నావు. ముందు వాటిలో ఆరోగ్యమ్మ వదినది ఉందేమో చూడు, అరలో అయితే లేదు. లేతాకుపచ్చది, ఎడమ రొమ్ము వైపు లోపల దూది పొర కుట్టి ఉంటుంది. ఆపరేషన్ అయ్యాక ఒక్కసారే కొలతలు తీయనిచ్చింది. మళ్లీ టేపు పట్టనని మాటిచ్చా. ఆ కొలతతో కుట్టింది అదొక్కటే.

దొరక్కపోతే నాకు ఫోన్ చెయ్యి. ఇంకో ఆది ఇమ్మని మాత్రం వాళ్లింటికి వెళ్లొద్దు. ఆమె దగ్గరున్నవన్నీ ఆపరేషన్‌కి ముందువే.