తలుపు వద్దనుకున్న గది

బుధవారం,
పని సగంలో ఆపి కూర్చున్న చోటు నుంచి

వడ్రంగి అక్కయ్యకు,

మట్టిపని చేసుకు బతికే తమ్ముడు నమస్కారం పెట్టి రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. మీరంతా బాగుండాలి. బావనీ పిల్లనీ అడిగానని చెప్పు. మర్యాదలు అయిపోయాయి. ఇక అసలు సంగతికి వస్తాను.

నా గోడకి తలుపు ఎవరిని అడిగి పెట్టావు?

పొరుగూరి పని ముగించుకుని నిన్న సాయంత్రం తిన్నగా యాత్ర దారిలో మనం కట్టిన విశ్రాంతి గది దగ్గరికే వెళ్లాను. ఇంటికి కూడా పోలేదు. భుజాన సంచి అలాగే ఉంది. యాత్రికులు ఎవరైనా దిగారేమో, అరుగు మీద ఎలా కూర్చుంటున్నారో చూద్దామని ఆశ. దూరం నుంచే తెలిసిపోయింది. గుమ్మంలో నేను వదిలిన ఖాళీలో చెక్క నిలబడి ఉంది. సున్నం కొట్టు ఆయన అటుగా పోతూ, మీ అక్కే పెట్టించిందిగా, నీకు తెలీదా అని నవ్వాడు. ఇది ఇల్లా పుట్టా అని మొదటి రోజు నుంచీ వెక్కిరించిన మనిషి ఆయన. ఆయనకి తెలుసు, నాకు తెలీదు. తల ఎక్కడ పెట్టుకోవాలి నేను?

మరిచిపోయినట్టు నటిస్తావేమో, గుర్తు చేస్తాను. ఆ గదిని నీ కొట్టు నేల మీద ఇద్దరం కలిసి గీశాం. నాకు గీతలు రావు కాబట్టి నడిచి చూపించాను. నా అడుగుల వెంట నువ్వు బొగ్గు లాగావు. మందపాటి మట్టి గోడ, బాగా కిందికి వాలిన చూరు. తల మీద మూటతో వచ్చినవాళ్లు నడుం వంచకుండా, ఎవరినీ సాయం పిలవకుండా మూట దించుకోవడానికి బయట గోడ పక్కన ఎత్తు దిమ్మె. దాని ఎత్తు చూడటానికి నిన్ను నిలబెట్టి నీ తల మీద రంపపు పొట్టు బస్తా పెట్టాను. తుమ్మి తుమ్మి నన్ను తిట్టావు. కాళ్లు కడుక్కున్న నీళ్లు బయటికి పోయేలా నేల వాలు, ఆ నీళ్లకి గోడ మొదలు నానకుండా అడుగున రాళ్లు. అన్నీ అయ్యాక తలుపు సంగతి నేనే ఎత్తాను. వద్దన్నాను.

అమ్మ నిన్ను వెంటబెట్టుకుని యాత్రకి నడిచినప్పుడు నేను చంటివాణ్ణి, అమ్మమ్మ దగ్గర ఉన్నాను. ఆ దారిలో ఒక సత్రం దగ్గర తెల్లవార్లూ కూర్చునే ఉన్నానని అమ్మ పోయేదాకా చెప్పేది. కూర్చునే ఉందంటే ఏమిటి? తాళం వేసి ఉంటే గుమ్మం బయట కూర్చుంది. అందుకే, నేను కట్టే గదికి తాళం వేసే వీలే ఉండకూడదనుకున్నాను. తలుపుంటే తాళం వస్తుంది. తాళం వస్తే తాళంచెవి మొలలో దోపుకుని ఒక పెద్దమనిషి వస్తాడు. ఆయన భోంచేసి కునుకు తీసి వచ్చేదాకా జనం వానలో నిలబడాలి. ఇదంతా చెబితే తల ఊపావు. నీ ఇష్టంరా ముక్కోపీ అన్నావు.

తల ఊపుతూనే మోసం చేశావు. గుమ్మం పైన వేసే దూలం నువ్వే చెక్కి ఇచ్చావు కదా. దాని అడుగున ఒక మూల గుండ్రటి గుంత. ఇదేంటక్కా అంటే, చెక్కలో ముడి ఊడిపోయిందిరా అన్నావు. నమ్మాను. ఆ దూలాన్ని నా భుజాన మోసి, నా చేతుల్తోనే గోడ మీద పెట్టాను. నిన్న చూస్తే నీ తలుపు కొయ్య ఆ గుంతలోనే తిరుగుతోంది. అంటే నేను వద్దు వద్దని మొత్తుకుంటున్నప్పుడే నీ ఉలి పని కానిచ్చేసింది. సున్నం ఆయన వెక్కిరిస్తే పడ్డాను, పరాయివాడు. నువ్వు నా మొహంలోకి చూస్తూ ముడి ఊడిందన్నావు.

పైగా గాలికి నీ తలుపు కొట్టుకుంటే గోడంతా అదురుతోంది. మట్టి గోడ ఎంత బరువైనా మోస్తుంది గాని దెబ్బలు ఓర్చుకోదు. గుమ్మం పక్కన అప్పుడే సన్నటి పగులు పాకింది. వరస వరసకీ ఆరబెట్టి, చంటిపిల్లని సాకినట్టు లేపిన గోడ అది.

రేపు వెళ్లి ఆ తలుపు ఊడబెరుకుతాను. బండి మీద వేసి తెచ్చి నీ కొట్టు ముందు పడేస్తాను. చెక్క నీది, ఉంచుకో. ఇక ఇద్దరం కలిసి పని చేసేది లేదు. అక్కవి కాబట్టి ఎదురుపడితే పలకరిస్తాను, అంతే.

ఇట్లు,
నీ మాట నమ్మి దూలం మోసిన తమ్ముడు

తా.క. గురువారం. ఉత్తరం జేబులో పెట్టుకునే మధ్యాహ్నం గునపంతో వెళ్లాను. తలుపు వేసి ఉంది. తాళం కోసం చూశాను. తాళం లేదు. తాళం తగిలించడానికి గొళ్లెం కూడా లేదు. బయటి వైపు ఒట్టి నున్నటి చెక్క. తోస్తే రాలేదు. లోపలి నుంచి ఒక ఆడమనిషి, ఎవరది అంది. గోడ కట్టినవాణ్ణమ్మా అన్నాను. గడియ తీసింది. తల్లీ, ఈడొచ్చిన కూతురూ. కూతురు మూట మీద తల పెట్టుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. తల్లి కళ్లు నులుముకుంటూ, ఈ దారిలో ఇద్దరం ఒకేసారి నిద్రపోయింది ఇక్కడే నాయనా, మిగతా చోట్ల తలుపుల్లేవు, పిల్ల పడుకుంటే నేను కూర్చునే ఉన్నాను అంది.

అక్కా, అమ్మ కూర్చుంది గుమ్మం బయట కాదు కదా. లోపలే, పడుకున్న నీ పక్కన. అమ్మా చెప్పలేదు, నువ్వూ చెప్పలేదు.

గునపం అరుగు కింద పడేసి, మట్టి తడిపి పగులు పూడ్చాను. తలుపు వచ్చి తగిలే చోట గోనె మడత పెట్టాను, ఇక కొట్టుకోదు. నా కోపం మాత్రం పోలేదు. ఆ ఒక్క మాట నాతో అని ఉంటే దూలం నేనే పట్టుకుని గుంత తవ్వించేవాణ్ణి.

గడియ బిగుతుగా ఉంది. ఆవిడ రెండు చేతులా లాగాల్సి వచ్చింది. చిత్రిక తీసుకుని రా.