పళ్ళ డాక్టరుగారు గోడ దూకిన వైనం

ప్రియమైన మామయ్యకి,

మేనకోడలు నమస్కరించి రాయునది. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. అత్తయ్య నడుంనొప్పి తగ్గిందా?

అసలు సంగతికొస్తాను. మా ఎన్నికల కార్యాలయం ఒక్కో నియోజకవర్గానికీ చరిత్ర పుస్తకం వేస్తోంది. మన శివారుది నా నెత్తిన పడింది. పుట్టి పెరిగిన చోటే కదా, చిటికెలో రాసేస్తానని గొప్పలు పోయాను. తీరా చూస్తే చరిత్రంతా ముగ్గురే మనుషులు. మొదట కేంద్ర సభకి వెళ్ళింది రొట్టెల కొట్టాయన. సభలో ఆయన నోరు తెరిచింది ఆవలించడానికేనట. తరవాత నీలం పార్టీ పళ్ళ డాక్టరుగారు. ఆయన్ని ఓడించి ఆకుపచ్చ పార్టీ వకీలమ్మగారు వచ్చారు. మొన్న తనంతట తాను తప్పుకునేదాకా ఆవిడే.

డాక్టరుగారు ఎందుకు ఓడిపోయారో తేలడం లేదు. పాత పత్రికలన్నిటిదీ ఒకటే పాట: ఆయన గోడ దూకాడు, అందుకే సీటు పోయింది. కానీ సభలో ఆయన కుర్చీ మారిన దాఖలా ఎక్కడా లేదు. ఆయన పెరటిని ఆనుకునే కదా నీ కుట్టు దుకాణం! నీకేమైనా తెలిస్తే వెంటనే రాయి. ఈ పుస్తకం బాగా వస్తే నా ఉద్యోగం పర్మనెంటవుతుంది.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క. ఒక పత్రికైతే ఆయన్ని 'గోడ డాక్టరు' అనే రాసింది. ఆ విలేకరి ఆయన చేత పన్ను పీకించుకునే ఉంటాడు.

*

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీర్వదించి రాయునది. నీ ఉత్తరం చదువుతూ కత్తెర కాలిమీద పడేసుకున్నాను. డాక్టరుగారు గోడ దూకిన సంగతి పత్రికలదాకా ఎలా పాకిందమ్మా! నేను పత్రికలు బట్టలు చుట్టడానికి వాడతానే గానీ చదవను. ఇక్కడి జనం ఆయన 'రంగు మార్చాడు' అని ఆడిపోసుకున్నారే తప్ప గోడ మాట ఎవరూ ఎత్తలేదు. ఆ పూట చూసింది నేనూ మీ అత్తయ్యా. నేను నోరు విప్పలేదు. తనూ విప్పలేదంటోంది. ఆవిడ నోట ఈ మాట వినడం నాకిదే మొదలు.

సరే, లోకానికంతా తెలిశాక దాచడమెందుకు? దూకాడు. కళ్ళారా చూశాను. మనిషేమో భారీ, గోడ మీదేమో సీసా పెంకులు. దూకడం, సీటు పోవడం ఒకేసారి జరిగాయి. ఆ సీటు కుట్టు నాదే. మూడో కంటివాడికి తెలియకుండా పని కానిచ్చాను. ఇంతకుమించి అడగకు, ఒట్టేశాను.

ఇట్లు,
మీ మామయ్య

తా.క. ఆ సీటు ఈరోజుకీ చెక్కుచెదరలేదు. ఎవరైనా అడిగితే ధైర్యంగా నా పేరు చెప్పు.

*

మామయ్యా,

నమస్కారాలు ఎలా పెట్టాలో కూడా తోచడం లేదు. 'ఆ సీటు కుట్ర నాదే' అని అంత తేలిగ్గా ఎలా రాశావు? పైగా ధైర్యంగా పేరు చెప్పమంటావా! నేనింకా తేరుకోకముందే మా డైరెక్టరుగారు నా చేతిలోంచి ఉత్తరం లాక్కుని చదివేశారు. ఎగిరి గంతేశారు. ఆ అధ్యాయానికి 'ఒక దర్జీ కుట్ర' అని పేరు పెట్టేశారు. సీసా పెంకులంటే పార్టీలోని అసమ్మతివాదులట. నువ్వు మహా గడుసుగా రాశావట.

గోడ దూకడమంటే పార్టీ ఫిరాయించడం. దేవుడిలాంటి మనిషిని ఫిరాయింపజేసి, సీటు పోగొట్టి, ఇంతకాలం చొక్కాలు కుట్టుకుంటూ ఎలా కూర్చున్నావు? నా మొదటి గౌను కుట్టిన చేతులేనా ఇవి? వకీలమ్మగారు నీకేం ఆశ చూపించారు? అమ్మ మంచం దిగడం లేదు. 'వాడికి అబద్ధమాడ్డమే సరిగా రాదే, కుట్ర ఎలా చేస్తాడే' అని ఒకటే ఏడుపు. వచ్చే వారం పుస్తకం అచ్చుకి వెళ్తోంది. అది అబద్ధమని రాయి మామయ్యా, నీకు పుణ్యముంటుంది.

ఇట్లు,
తలెత్తుకోలేని మేనకోడలు

తా.క. నీ ఫొటో కావాలన్నారు. కత్తెర పట్టుకున్నదైతే మరీ మంచిదట.

*

ఒసేయ్ చదువుకున్నదానా,

కుట్ర కాదే, కుట్టు! కుట్టు! ట కింద ఉన్నది ట వత్తే. తొందరలో కొమ్ము చెరిగి, వత్తు తోక కాస్త సాగింది. పోయింది ఆయన ప్యాంటు సీటు! నన్ను దేశద్రోహిని చేస్తారా? మీ అమ్మని ముందు మంచం దిగమను.

నీ ఉత్తరం పట్టుకుని డాక్టరుగారింటికి పరిగెత్తాను. ఓడిపోయినప్పట్నుంచీ ఓట్ల రోజున కూడా గడప దాటని మనిషాయన. అంతా విని, "నా పరువు పోతే పోయింది. మీకు చెడ్డపేరు రాకూడదు. ఒట్టు తీసి గట్టున పెట్టి ఉన్నదున్నట్టు రాయించండి" అన్నారు. అందుకని రాస్తున్నాను.

ఓట్లకి కాస్త ముందు, ఆ సాయంత్రం ఆకుపచ్చవాళ్ళు పూలదండ పట్టుకుని ఆయన వాకిట్లో బైఠాయించారు, మాలో కలవమని. ఆయనేమో ముఖం మీద కాదనలేని మెతక మనిషి. పన్ను పీకేటప్పుడు రోగికంటే ముందు తనే కళ్ళు మూసుకునేవాడు. కాదనే ధైర్యం లేక, ఔననే మనసూ రాక, పెరటి గోడెక్కాడు. మీ భాషలో గోడ దూకడం ఇష్టం లేకే మా గోడ దూకాడమ్మా!

చిరుగు చూస్తే మూరెడు. అప్పటికప్పుడు అయ్యే పని కాదు. మీ అత్తయ్య కొక్కేనికున్న పొడుగు కోటొకటి లాగి ఆయనకి తొడిగింది. ఖాతాదారుది. ఎవరిదో చెప్పను, అది నా వృత్తి మర్యాద. ఖర్మ కాలి అది ఆకుపచ్చది. వీధి మలుపులో నలుగురూ చూశారు. తెల్లారేసరికి కోటైతే తిరిగొచ్చింది గానీ, డాక్టరు రంగు మార్చాడని గుప్పుమంది.

"నిజం చెప్పెయ్యండి బాబూ" అని ఎంత బతిమాలానో. "సీటు చిరిగి కోటు కప్పుకున్నానని మైకులో చెప్పనా? ఈ వీధిలో అందరి నోళ్ళూ నేను చూసినవే. ఒక్కరైనా వచ్చి 'నిజమేనా డాక్టరూ' అని అడగలేదే!" అన్నాడు. ఆ మాట నిన్న మళ్ళీ అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఇట్లు,
ఏ కుట్రా ఎరగని మీ మామయ్య

తా.క. ఆ హడావిడిలో ఆయన కళ్ళజోడు ఎక్కడో పడిపోయింది. మీ అత్తయ్య ఇప్పటికీ ఊడ్చినప్పుడల్లా మిషను కింద చీపురు పెట్టి వెతుకుతుంది.

*

మామయ్యకీ అత్తయ్యకీ,

కోటి క్షమాపణలతో రాయునది. ఇది కూర్చుని చదవండి.

సొంత మామయ్య మాట సాక్ష్యం కాదన్నారు మా డైరెక్టరుగారు. ఏం చేయను, వకీలమ్మగారి దగ్గరికే వెళ్ళాను. డాక్టరుగారు మీ పార్టీలో చేరలేదని ఒక్క ముక్క రాసివ్వండి, చాలు అన్నాను. గోడ, సీటు, కోటు అన్నీ చెప్పాను. ఆవిడ లోపలికెళ్ళి ఒక పొడుగు కోటు తెచ్చారు. ఆకుపచ్చది. దాని జేబులోంచి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మీ మామయ్య దగ్గర్నుంచి తెచ్చుకున్న రోజే దొరికింది. కాడకి పళ్ళు కట్టే తీగ చుట్టిన కళ్ళజోడు ఈ చుట్టుపక్కల ఇంకెవరికుంటుంది? ఆయన రంగు మార్చలేదని నాకు ఆరోజే తెలుసు" అన్నారు.

"మరి చెప్పలేదేమండీ?" అని అరిచినంత పని చేశాను.

"చెప్తే ఓడిపోతాను. పైగా వకీల్ని. అడగని ప్రశ్నకి జవాబివ్వను. నన్నూ ఎవరూ అడగలేదమ్మా" అన్నారు. తలెత్తి నా వైపు చూడలేదు.

ఆవిడ సంతకం పెట్టిచ్చారు. 'ఒక దర్జీ కుట్ర' కొట్టేశారు. ఇప్పుడు పుస్తకంలో ఇలా ఉంటుంది: 'ఈయన దూకినది పెరటి గోడ మాత్రమే.' డాక్టరుగారికి చదివి వినిపించు. కళ్ళజోడు ఆదివారం ఆవిడే స్వయంగా తెచ్చిస్తారట. ఆయన్ని కాస్త కనిపెట్టుకుని ఉండు, మళ్ళీ గోడెక్కగలరు.

ఇట్లు,
తలెత్తుకున్న మీ మేనకోడలు

తా.క. బయల్దేరుతుంటే ఆవిడ గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆపారు. "ఇది పుస్తకంలో వద్దు. ఆ ఎన్నికల్లో నా ఓటు మాత్రం ఆయనకే వేశాను" అన్నారు.