పడవకు కుట్టిన ఆరు దిండ్లు

నాయుడుపేట,
13-11-1961, సోమవారం.

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి కామమ్మకు నీ బావ గంగాధరం దీవించి రాసేది.

ఇక్కడ నేను, అమ్మ, నువ్వు వదిలిపెట్టి పోయిన ఎర్రమేక అందరం బాగున్నాం. అక్కడ దీవిలో, పుట్టింట్లో, నువ్వు, అత్త, కడుపులో ఉన్న బిడ్డ చల్లగా ఉండాలని గంగమ్మ తల్లికి రోజూ మొక్కుకుంటున్నాను.

మొదటే ఒక మాట. ఈ ఉత్తరం చివరిదాకా వినకుండా నువ్వు పడవ ఎక్కొద్దు. నువ్వే కాదు, దీవి నుంచి ఎవరూ ఎక్కొద్దు. చదివి వినిపించే వాళ్ళు కూడా దయచేసి మధ్యలో ఆపొద్దు. భయపడకు. ఇట్లా రాస్తే ఇంకా భయపడతావని తెలుసు. కానీ ఏం చేసేది, ఎంత ఆలోచించినా వేరే మాట దొరకలేదు.

రెబెక్కమ్మ గారి చేత రాయించిన నీ ఉత్తరం అందింది. ముత్యాల్లాంటి అక్షరాలు. దీవిలో నాలుగు అక్షరాలు కూడబలుక్కునే వాళ్ళు లేకపోబట్టి, ప్రతి మంగళవారం మందుల పెట్టెతో పడవలో వచ్చే ఆ నర్సమ్మ గారికి ఉత్తరాలు రాసే పని, చదివే పని కూడా పడ్డాయి. ఆమె కలం పట్టుకుని కూర్చుంటే నువ్వు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎట్లా చెప్పి ఉంటావో తలుచుకుని నవ్వుకున్నాను. "మిగతాది వచ్చినాక చెప్తా" అని ముగించావు. నేను కూడా కొన్ని మాటలు వచ్చినాకే చెబుతాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. అన్నం అమ్మే వండుతోంది. నీ చేతి చేపల పులుసు లేదని రెండు రోజులు అలిగాను, మూడో రోజు ఆకలి గెలిచింది. మేక ఈనింది, రెండు పిల్లలు. ఒకదానికి చెవి మీద తెల్లమచ్చ ఉంది, అది అమ్మ పక్క వదలడం లేదు. మందు మానకుండా వేసుకుంటున్నానా అని అడిగావు. వేసుకుంటున్నాను, దగ్గు తగ్గింది. నాలుగోది, నేను కుట్టి పంపిన పరుపు గురించి అడిగావు. అంత మెత్తటి పరుపు ఎక్కడిది బావా, దీవిలో ఆడవాళ్ళంతా వచ్చి తడిమి చూసి పోతున్నారు అన్నావు. దానికి జవాబు ఇప్పుడే చెప్పలేను, కొంచెం ఆగు.

ఆసుపత్రి పడవకు సీట్లు ఎట్లా చేశావని కూడా అడిగావు. సగం నవ్వు, సగం ఏడుపు. నీళ్ళ ఒడ్డున పుట్టినవాణ్ణే గానీ, వల వదిలేసి ఈ బస్సు సీట్ల షెడ్డులో చేరి తొమ్మిదేళ్ళయింది కదా, చేతికి బస్సే అలవాటైపోయింది. రెబెక్కమ్మ గారు నన్ను వెతుక్కుంటూ షెడ్డుకు వచ్చి, పడవలో మూడు సీట్లు నువ్వే చెయ్యాలి అంటే పొంగిపోయాను. బస్సులో ఎంత ఎత్తో అంత ఎత్తున వేపచెక్కతో చట్రాలు కట్టి బిగించాను. పడవ నడిపే దావీదన్న వచ్చి ఒకదాని మీద కూర్చుని అటూ ఇటూ ఊగాడు. పడవ అంచు నీళ్ళను తాకి వచ్చింది.

"ఏం గంగాధరం, దీవిలో పుట్టినోడివేనా నువ్వు? పడవలో మనిషి ఎంత కిందికి కూర్చుంటే అంత మంచిదని నేను చెప్పాల్నా? ఇంక ఒక గంట కట్టి టిక్కెట్లు కూడా కొట్టియ్యి" అన్నాడు. రేవులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను తలవంచుకుని కాళ్ళన్నీ జానెడు మేర కోసేశాను.

ఆ తర్వాత పని బాగానే సాగింది. ఇనప మేకులను ఉప్పునీళ్ళు తినేస్తాయని అన్నీ ఇత్తడి మరలే వేశాను. స్ప్రింగులు వద్దనుకున్నాను. సీటుకు రెండు చొప్పున ఆరు దిండ్లు కుట్టి, పైన ముదురాకుపచ్చ రెక్సిను తొడిగాను. దిండుకు రెండు పక్కలా గట్టి పట్టీలు కుట్టమని రెబెక్కమ్మ గారు మరీ మరీ చెప్పారు. ఎత్తి ఎండలో వేసుకోవడానికి కాబోలు అనుకుని కుట్టేశాను. అడిగి ఉంటే బాగుండేది.

పోయిన నెలాఖరులో దావీదన్న షెడ్డుకు వచ్చాడు. "వానలు దిగినాయి, ఆ పట్టీలకు ఇంకో రెండు కుట్లు వేసియ్యబ్బా. ఎవురన్నా నీళ్ళల్లో పడితే పట్టుకోవాల్సింది వాటినే గదా" అన్నాడు.

"దిండు పట్టుకుంటే ఏమొస్తాది అన్నా?" అన్నాను.

"తేలతాది గదా! మునిగేవాళ్ళు దాన్ని పట్టుకోని ఉంటే మనం పోయి లాక్కొచ్చుకోవచ్చు. అమ్మగారు ఏదో పుస్తకంలో చూసి చేయించినారు. నీకు చెప్పలేదా?"

కామూ, అప్పుడు నా చేతిలో కత్తెర ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో కూడా తెలియలేదు. మరునాడు రేవుకు పోయి, కుట్టు వదులైందని అబద్ధం చెప్పి, ఒక దిండు ఇంటికి తెచ్చాను. మేకకు నీళ్ళు పెట్టే తొట్టిలో వేసి పక్కన కూర్చున్నాను.

అమ్మ చూసి, "ఏందిరా, దిండుకు తలంటి పోస్తన్నావా?" అంది.

కాసేపు తేలింది. తర్వాత కుట్లలోంచి బుడగలు వచ్చాయి. అమ్మ పొయ్యి మీద ఎసరు ఇంకా మరగలేదు, దిండు నీళ్ళు తాగి అడుగుకు పోయింది. దాన్ని పైకి లాగడానికి నాకు రెండు చేతులూ కావలసి వచ్చాయి.

ఇంక నీ నాలుగో ప్రశ్నకు జవాబు చెప్పక తప్పదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతున్నాను. నీ కింద ఉన్న పరుపులో దూది ఆ పడవది. రెబెక్కమ్మ గారు ఎండాకాలంలోనే కాయలు కొని, ఆడవాళ్ళ చేత గింజ తీయించి, రెండు గోతాల బూరుగుదూది నాకు ఇచ్చారు. "దిండ్లలో ఇదే నింపాలి గంగాధరం, వేరేది కలపొద్దు" అన్నారు. నేను తల ఊపాను. లోపల మాత్రం, బురదకాళ్ళతో ఎక్కే పడవలో ఇంత మెత్తదనం ఎవరికోసం అనుకున్నాను. బూరుగుదూది నీళ్ళు తాగదని, అందుకే అడిగారని నాకప్పుడు తెలియదు. పాత బస్సు సీట్లలోంచి తీసిన పత్తిదూది షెడ్డులో పడి ఉంటే, దాన్ని ఏకి ఆరు దిండ్లలోనూ కుక్కాను. బూరుగుదూది మొత్తం నీకు పరుపు కుట్టి పంపాను.

ఎందుకు చేశానో నీకు వేరే చెప్పాలా? పోయినసారి కాన్పుకు వానలో ఇల్లు కారి, తడినేల మీద ఈతచాప పరిచి నిన్ను పడుకోబెట్టారు. బిడ్డ ఎనిమిది రోజులే ఉంది. ఆ చాప నా కళ్ళలోంచి పోవడం లేదు. ఆ రెండు గోతాలు చూడగానే నాకు ఇంకేమీ కనపడలేదు. ఇది తప్పును కప్పిపుచ్చడానికి చెప్పడం లేదు. దొంగతనం దొంగతనమే. మెత్తదనం దొంగిలించానని అనుకున్నాను. మనుషుల ప్రాణాలు దొంగిలించానని దావీదన్న చెప్పేదాకా తెలియలేదు.

మళ్ళీ కొని నింపుదామంటే బూరుగుదూది దొరికే కాలం కాదు. ఇక్కడ బజారంతా తిరిగాను, కాళహస్తి దాకా పోయి వచ్చాను. చైత్రం దాటాక రమ్మన్నారు. అమ్మకు జరిగిందంతా చెప్పాను. అమ్మ తిట్టలేదు. తన తలగడ తెచ్చి నా ముందు పడేసింది. అదీ నాదీ విప్పి బూరుగుదూది తీస్తే ఒక్క దిండుకు సరిపోయింది. దాన్ని తొట్టిలో వేసి పైన రుబ్బురోటి పొత్రం పెట్టినా పొద్దుగూకేదాకా మునగలేదు. ఆ దిండు వెనక సీటులో కుడిపక్కన వేశాను. తక్కిన ఐదూ మునిగేవే.

ఆ రోజే నీకు ఒక ఉత్తరం రాశాను. నాలుగే ముక్కలు. "పడవ ఎక్కితే వెనక సీటులో కుడిపక్కనే కూర్చో. ఎవరడిగినా లేవొద్దు." రాసి, మడిచి, మళ్ళీ చదువుకున్నాను. ఈ మంగళవారం నువ్వు కాన్పుకు ఆసుపత్రికి వచ్చే పడవలోనే పెంచలమ్మ కూడా వస్తోంది, చంటిబిడ్డతో. ఆమె ఏ దిండు మీద కూర్చుంటుంది? నిన్ను నేను బతికించుకుని, ఆ తల్లికి ఐదు మునిగే దిండ్లు వదిలిపెట్టాలా? ఆ ఉత్తరం చించేశాను. పోయిన శుక్రవారం గాలికి చేపల పడవ ఒకటి తిరగబడిందని వినే ఉంటావు. మగవాళ్ళు కాబట్టి ఈదుకుని ఒడ్డున పడ్డారు. వేసవిలో మొలలోతు ఉండే చోట ఇప్పుడు మనిషి మునిగే నీళ్ళున్నాయి. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు.

రెబెక్కమ్మ గారికి చెబుదామని రెండుసార్లు ఆసుపత్రికి పోయాను. మొదటిసారి ఆమె నన్ను చూడగానే అక్కడున్న వాళ్ళను పిలిచి, "మా పడవకు సీట్లు కుట్టింది ఇతనే, ఎంత శ్రద్ధగా చేశాడో చూడండి" అన్నారు. కాఫీ ఇప్పించారు. తాగి వచ్చేశాను. రెండోసారి గడపలోనే నిలబడి, కామమ్మ ఎట్లా ఉంది అమ్మా అని అడిగి తిరిగి వచ్చాను. నా పిరికితనం నీకు తెలియనిది కాదు, కానీ ఇంత ఉందని నాకే తెలియదు.

అమ్మా రెబెక్కమ్మ గారూ, ఇక్కడ ఆపకండి. ఇది చదివే గొంతు మీదేనని తెలిసే రాశాను. ఎదురుగా చెప్పలేని మాటను మీ నోటితోనే మీకు చెప్పించాను, అది ఇంకో తప్పు. ఇద్దరికీ విడివిడిగా చెప్పుకునే ధైర్యం నాకు లేకపోయింది. మీరు నమ్మి పని ఇచ్చారు. నేను మీ దూది తీసుకుని మీకు చెత్త కుక్కి ఇచ్చాను. కామమ్మకు ఇందులో ఏమీ తెలియదు. ఆమెను కోపంగా చూడకండి, పరుపు చూసి మురిసిపోవడం తప్ప ఆమె చేసిందేమీ లేదు.

ఈ ఉత్తరం నేను టపాలో వేయడం లేదు. రేపు తెల్లవారి మొదటి బస్సుకు రేవుకు వచ్చి, మీతో పాటే పడవ ఎక్కుతాను. మీరు మెట్ట ప్రాంతం మనిషి, ఈత రాదు. పోయేటప్పుడు ఎట్లాగైనా మిమ్మల్ని వెనక సీటులో కుడిపక్కన కూర్చోబెట్టి, నేను మీ పక్కనే కూర్చుంటాను. నా ఒళ్ళో దిండ్లకు తొడిగే ఐదు కొత్త గలీబులు, దబ్బనం, దారం ఉంటాయి. ఎందుకని అడిగితే పని ఉందని చెబుతాను. దీవి చేరినాక ఈ ఉత్తరం మీ చేతిలో పెట్టి, రేవులోనే ఆగిపోతాను.

కామూ, నువ్వు లేచి పక్కన కూర్చో. అత్తను పిలిచి పరుపు విప్పించు. నడిమి కుట్టు లాగితే చాలు, తక్కినవన్నీ వాటంతట అవే వదులుతాయి. దూది తీసి గోతాల్లో నింపి రేవుకు పంపితే, ఐదు దిండ్లు నింపి కుట్టడానికి నాకు రెండు గంటలు పడుతుంది. అది అయ్యాకే పెంచలమ్మను, నిన్ను పడవ ఎక్కించమని అమ్మగారిని వేడుకుంటున్నాను. ఆసుపత్రిలో నీకు మంచం ఉంటుంది. నేను కుట్టిన పరుపు ఉండదు, అంతే.

తిట్టాలనిపిస్తే తిట్టు. ముఖం చూడనంటే చూడొద్దు. నేను పడవలోనే కూర్చుని ఉంటాను, ఇంటికి రాను. ముందు పరుపు విప్పండి. నన్ను పిలవాలా వద్దా అనేది ఆ తర్వాత మీరిద్దరూ మాట్లాడుకోండి.

ఇట్లు,
నీ మేనబావ
గంగాధరం